అమెరికా చైన్ స్టేక్‌హౌస్‌లలో పదిహేను డాలర్ల సర్లాయిన్: ఏళ్ల తరబడి తిన్నాక నా మాట

ఇరవై డాలర్లు దాటకుండా మంచి స్టేక్, అంటే మందంగా కోసి కాల్చిన గొడ్డు మాంసపు ముక్క, తినాలంటే 6 లేదా 8 ఔన్సుల సర్లాయిన్ (నడుము వెనక భాగపు ముక్క) అడగండి, మీడియం రేర్ (లోపల ఇంకా ఎర్రగా) లేదా మీడియంగా (లోపల గులాబీ రంగులో) కాల్చమనండి, వారం మధ్యలో పెందలాడే వెళ్లండి. డాలస్ శివార్లలో కాపురం పెట్టినప్పటి నుంచి ఈ చైన్ రెస్టారెంట్లలో తింటూ వస్తున్న నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇదే. ఏ ముక్క అడిగాం, ఎంతవరకు కాల్చమన్నాం, ఆ సమయానికి వంటగది ఎంత తీరికగా ఉంది అన్నవే ఆ పూట భోజనాన్ని తేలుస్తాయి. బయట వేలాడే బోర్డు పాత్ర ఆ తర్వాతే.

మా ఇంట్లో పెద్దకూర కొత్త కాదు. అమ్మ గోంగూర వేసి వండేది. కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మా పని. ఎక్కువసేపు ఉడికి, కారం, పులుపు పట్టిన మాంసానికి అలవాటు పడ్డ నాలుకకు స్టేక్ వెంటనే రుచించదు. ఇందులో ఉప్పు, మిరియాలు, నిప్పు తప్ప ఇంకేమీ ఉండవు. పొయ్యి మీద ఉండేది పట్టుమని పది, పదిహేను నిమిషాలు. అందుకే మసాలా కంటే ముక్క ఎంపికే ముఖ్యం. పశువు బరువంతా మోసే కాలు, మెడ కండరాలు గట్టిగా ఉంటాయి, వాటిని నెమ్మదిగా ఉడికించాల్సిందే. వెన్ను పొడవునా ఉండే కండరాలకు అంత శ్రమ ఉండదు కాబట్టి త్వరగా కాల్చినా మెత్తగా ఉంటాయి. స్టేకులన్నీ ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. పక్కటెముకల దగ్గరి రిబ్‌ఐలో కొవ్వు చారలు దట్టంగా ఉంటాయి, రుచి ఎక్కువ, ధరా ఎక్కువే. ఫిలే అనే ముక్క అన్నిటికంటే మెత్తన. కానీ మాంసం రుచి మంద్రంగా ఉంటుంది, ఇచ్చే డబ్బుకు నాకు ఎప్పుడూ తృప్తి కలగలేదు. నడుము వెనక భాగం నుంచి వచ్చే సర్లాయిన్‌లో కొవ్వు తక్కువ, మాంసం రుచి బాగా తెలుస్తుంది, కాస్త నమలాలి. ఆ నమలడం నాకు ఇష్టం.

పదిహేను డాలర్ల చుట్టూ ఖర్చుపెట్టేవారికి నేను మొదట చెప్పే పేరు టెక్సాస్ రోడ్‌హౌస్. పేరులో టెక్సాస్ ఉన్నా 1993లో మొదటి శాఖ తెరిచింది ఇండియానా రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో. ప్రధాన కార్యాలయం కెంటకీలోని లూయీవిల్‌లో ఉంది. లోపలికి అడుగుపెట్టగానే అద్దాల పెట్టెలో పచ్చి స్టేకులు వరుసగా పేర్చి కనిపిస్తాయి. చాలామంది వాటిని అలంకారమనుకుని దాటిపోతారు. నేను మాత్రం అక్కడ ఒక నిమిషం ఆగుతాను. ఒకే బరువున్న సర్లాయిన్లలో కూడా ఒకటి వెడల్పుగా పలచగా, ఇంకొకటి చిన్నగా మందంగా ఉంటుంది. మందంగా ఉన్నదాన్ని ఎంచుకుంటే పైన బాగా వేగి గోధుమరంగు పొర కట్టేలోపు లోపల ఎండిపోదు. కావలసిన ముక్కను చూపిస్తే అదే కాల్చి పెడతారు. మాంసం ప్రతి శాఖలోనూ చేత్తోనే కోస్తారు, అందుకు ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు. చల్లని గదిలో నిలబడి రోజంతా చేసే ఆ పనికి ఈ సంస్థ దేశవ్యాప్తంగా పోటీ కూడా పెడుతుంది, మంచు మీద స్కేటింగ్ చేసే మైదానంలో! ఎంత వేగంగా కోశారన్నదే కాదు, ఎంత నాణ్యంగా, ఎంత తక్కువ వృథాతో కోశారన్నది కూడా చూస్తారు. మాంసం కోసేవారికి అంత గౌరవం ఇచ్చే చోట చవక ముక్క కూడా శ్రద్ధగానే వస్తుందని నా నమ్మకం, ఇన్నేళ్లలో అది వమ్ము కాలేదు.

ఇక్కడ స్టేకుతో రెండు పక్క వంటకాలు వస్తాయి. దాల్చినచెక్క, తేనె కలిపిన వెన్నతో వేడి వేడి రొట్టెలు ఉచితం. రెండో బుట్ట కూడా అడిగితే తెస్తారు, అడగకండి. అసలైనది వచ్చేసరికి కడుపు నిండిపోతుంది. చాలా శాఖల్లో సోమవారం నుంచి గురువారం వరకు సాయంత్రం 6 గంటలలోపు ఆర్డర్ ఇస్తే కొన్ని పళ్లేల ధర తగ్గుతుంది, 6 ఔన్సుల సర్లాయిన్ వాటిలో ఒకటి. రోజులు, వేళలు శాఖను బట్టి మారతాయి కాబట్టి ఫోను చేసి అడగడం మేలు. శుక్ర, శనివారాల్లో రద్దీ ఉంటుంది, పాటలు మోగుతూ ఉంటాయి, పుట్టినరోజు వాళ్లను గుర్రపు జీను మీద కూర్చోబెట్టి అందరూ కేకలు వేస్తారు. పిల్లలకు పండగే. నెమ్మదిగా మాట్లాడుకోవాలనుకునే పెద్దవాళ్లను మాత్రం ఆ రోజుల్లో తీసుకెళ్లకండి.

రెండో పేరు లాంగ్‌హార్న్. 1981లో అట్లాంటాలో మొదలైంది, 2007 నుంచి ఆలివ్ గార్డెన్ రెస్టారెంట్లు నడిపే డార్డెన్ సంస్థ చేతిలో ఉంది. ఇక్కడ ధర కాస్త ఎక్కువ, హడావిడి తక్కువ. మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ను ఇక్కడికే తీసుకెళ్లాను. పైన చల్లే ఉప్పు, మిరియాల మిశ్రమం మిగతా చోట్ల కంటే ఘాటుగా ఉంటుంది, మన నాలుకకు దగ్గరగా అనిపిస్తుంది. ఏదైనా సందర్భం ఉండి రిబ్‌ఐ తినాలనుకుంటే నేను ఇక్కడే తింటాను. ఎముకతో వచ్చే 20 ఔన్సుల ముక్క ఇద్దరికి సరిపోతుంది. పక్కన ఒక సలాడ్ అదనంగా తీసుకుంటే తలా వేసుకున్న లెక్క రెండు సర్లాయిన్ల లెక్క కంటే మరీ పెరగదు. వారపు రోజుల్లో మధ్యాహ్న భోజనానికి విడిగా ఉండే మెనూ కూడా చూడదగ్గది.

మూడోది ఔట్‌బ్యాక్. వేషం ఆస్ట్రేలియాది, పుట్టిల్లు 1988 నాటి ఫ్లోరిడాలోని టాంపా. నలుగురైదుగురు కలిసి వెళ్లి, పువ్వులా విచ్చుకునేలా కోసి వేయించిన ఆ పెద్ద ఉల్లిపాయను మధ్యలో పెట్టుకుని కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటుంది. సర్లాయిన్ బాగానే ఉంటుంది. స్టేకు కోసమే వెళ్తున్న రోజున మాత్రం నా కారు పై రెండింటిలో ఒకదాని వైపే తిరుగుతుంది.

ఒక చైన్‌లో, దాని పేరు ఇక్కడ అనవసరం, మీడియం రేర్ అడిగితే లోపలి దాకా బూడిదరంగు తిరిగిన ముక్క వచ్చింది. శనివారం రాత్రి, బయట జనం బారులు తీరి ఉన్నారు. ఇలాంటప్పుడు మనవాళ్లు ఎందుకొచ్చిన గొడవ అని తినేస్తారు. అలా చేయకండి. సర్వర్ పళ్లెం పెట్టగానే నడిమధ్యలో ఒక కోత పెట్టి చూడండి. చాలా చోట్ల వాళ్లే కోసి చూడమంటారు. తక్కువ కాలి ఉంటే మళ్లీ పెనం మీద పెడతారు, ఎక్కువ కాలి ఉంటే కొత్తది చేయాలి. మర్యాదగా అడిగితే చేసిస్తారు. సగం తిన్నాక అడగడం మాత్రం న్యాయం కాదు.

ఎంతవరకు కాల్చమనాలన్నదే మన ఇళ్లలో పెద్ద చర్చ. కొత్తగా వచ్చిన మా పిన్ని కొడుకు మొదటిసారి నాతో వచ్చి వెల్ డన్ (లోపలి దాకా పూర్తిగా కాల్చినది) అనబోయాడు. “అన్నా, ఆ ఎర్రటిది రక్తం కదా?” అన్నాడు. కాదు. రక్తం కోత సమయంలోనే దాదాపు అంతా పోతుంది. పళ్లెంలో కనిపించే ఎర్రటి నీరు మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన మాంసపు రసం. మీడియం రేర్ అంటే లోపల సుమారు 130 నుంచి 135 ఫారెన్‌హీట్ డిగ్రీలు, మీడియం అంటే 140 నుంచి 145, వెల్ డన్ అంటే 160, ఆపైన. కొవ్వు తక్కువున్న సర్లాయిన్‌ను 160 దాకా తీసుకెళ్తే రసమంతా ఆవిరైపోతుంది, ఎంత సాస్ పోసినా తిరిగి రాదు. ముక్కగా ఉన్న మాంసానికి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత 145 డిగ్రీలు, ఆ తర్వాత 3 నిమిషాలు పక్కన పెట్టాలి. గర్భిణులు, పెద్ద వయసువాళ్లు ఆ గీత దిగకపోవడమే మంచిది. మావాడు మీడియం దగ్గర రాజీపడ్డాడు, ఇప్పటికీ అదే అడుగుతాడు. కైమాతో చేసే బర్గర్ సంగతి వేరు. అది 160 డిగ్రీల దాకా కాలి తీరాలి.

తినేటప్పుడు ఇంకొక్క పని చేయండి. సర్లాయిన్‌ను దగ్గరగా చూస్తే పోగులు ఒకే దిక్కుకు సాగుతూ కనిపిస్తాయి. చాకును వాటికి అడ్డంగా పెట్టి పలచగా కోయండి. పోగుల వెంట కోస్తే పొడవాటి నార నోట్లో తిరుగుతుంది, అడ్డంగా కోస్తే అదే ముక్క సగం శ్రమతో నలుగుతుంది. సర్లాయిన్ గట్టిగా ఉందని ఫిర్యాదు చేసిన మిత్రుల్లో చాలామందికి నేను చూపించింది ఈ కోతే.

బిల్లు సంగతి. మెనూలో ఉండేది పచ్చి మాంసం బరువు. 6 ఔన్సులంటే సుమారు 170 గ్రాములు, కాలాక నాలుగో వంతు వరకు తగ్గుతుంది. పక్కన బంగాళదుంప, సలాడ్ ఉంటాయి కాబట్టి ఒక మనిషికి చాలు. పదిహేను డాలర్ల పళ్లేనికి మా ఊళ్లో 8.25 శాతం అమ్మకపు పన్ను, 20 శాతం టిప్పు కలిపితే పందొమ్మిది డాలర్ల పైచిలుకు. శీతల పానీయం తీసుకుంటే ఆ లెక్క చెడుతుంది, మంచినీళ్లు ఉచితం. టిప్పులో పొదుపు చేయకండి. టిప్పులందుకునే పనివారికి యజమాని ఇవ్వాల్సిన సమాఖ్య కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అదే అంకె. టెక్సాస్‌లో ఇప్పటికీ అదే అమలవుతోంది.

ధరలు ఏటేటా పెరుగుతున్న మాట నిజమే. అందులో రెస్టారెంట్ల చేతిలో లేనిదీ ఉంది. కరువుల వల్ల మేత తగ్గి రైతులు మందలను అమ్ముకున్నారు. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో పశువుల సంఖ్య 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటికి అదే అతి తక్కువ. మంద మళ్లీ పెరగాలంటే ఆవుదూడలను అమ్మకుండా ఉంచుకోవాలి, అవి పెరిగి ఈనాలి, అందుకు ఏళ్లు పడుతుంది. కాబట్టి ధరలు త్వరలో దిగుతాయని ఎదురుచూడటం దండగ.

ఇంట్లో చేసుకుంటే చవక కదా అంటారు. రిబ్‌ఐ విషయంలో అది నిజం, ఛాయిస్ గ్రేడు (అమెరికా వ్యవసాయ శాఖ నాణ్యతా శ్రేణుల్లో రెండోది) ముక్క తెచ్చి ఇనుప పెనం మీద కాల్చుకోవచ్చు. కొనేటప్పుడు లేబుల్ చదవండి. సూదులతోనో బ్లేడులతోనో పొడిచి మెత్తబరిచిన మాంసమైతే 2016 మే నుంచి ఆ మాట లేబుల్ మీద ఉండి తీరాలి. పైన ఉండే సూక్ష్మక్రిములు ఆ పోట్లతో లోపలికి చేరతాయి కాబట్టి దాన్ని మీడియం రేర్‌గా తినకూడదు. సర్లాయిన్ విషయంలో మాత్రం మందమైన మంచి ముక్క, రెండు పక్క వంటకాలు, వంటింటి పొగ అన్నీ లెక్క వేశాక నేను బయటే తింటాను.

గొడ్డు మాంసం తినని తెలుగువాళ్లు మన బృందాల్లో తప్పకుండా ఉంటారు. వాళ్లకు కోడి, చేప వంటకాలు అన్ని చోట్లా దొరుకుతాయి. శాకాహారులు మాత్రం పక్క వంటకాలను గుడ్డిగా నమ్మకూడదు. టెక్సాస్ రోడ్‌హౌస్‌లో చిక్కుడుకాయలు బేకన్‌తో (ఉప్పు పట్టించిన పంది మాంసంతో) వండుతారు, చిల్లీ అనే చిక్కటి కూరలో గొడ్డు మాంసం ఉంటుంది. లాంగ్‌హార్న్‌లో చీజుతో చేసే మాకరోనీలోనూ బేకన్ ఉంటుంది. ఉత్త కాల్చిన బంగాళదుంప, బేకన్ లేని సలాడ్ అని విడమరిచి చెప్పండి. ఆతిథ్యం ఇస్తున్నది మీరైతే ఈ మాట వాళ్లచేత అడిగించకుండా మీరే ముందు అడగండి.

మిగిలిన స్టేకును మైక్రోవేవ్‌లో పెట్టకండి, ముక్క బిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉన్నప్పుడే పోగులకు అడ్డంగా సన్నని ముక్కలు కోయండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు బాగా వేగి మూకుడు పొగలు కక్కుతున్నప్పుడు ముక్కలు వేసి, మిరియాల పొడి చల్లి, అర నిమిషంలో దించేయండి. వేడన్నంలోకి నెయ్యి వేసుకుని తింటే మర్నాడు మధ్యాహ్నానికి ఇంకో భోజనం వచ్చినట్టే.