వించెస్టర్‌లో 900 ఏళ్ల నాటి సత్రం

లండన్ వాటర్లూ నుంచి వించెస్టర్‌కి రైల్లో దాదాపు గంట. చాలామంది కెథడ్రల్ చూసి తిరుగు రైలెక్కేస్తారు. మేం బస చేసిన ఇంటావిడ ఈ సత్రం గురించి చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మేమూ అంతే. (ఆ బసలో హీటర్ రాత్రంతా మొరాయించింది. సలహా ఇచ్చిందని ఆవిణ్ణి క్షమించేశాం.)

ఇచెన్ ఏటి పక్క పచ్చికలో మైలు దూరం నడిస్తే సెయింట్ క్రాస్ హాస్పిటల్. పేరుకి హాస్పిటలే, డాక్టర్లుండరు. ముసలివాళ్లకి తిండీ నీడా ఇచ్చే చోటుని అప్పట్లో అలాగే అనేవారు. మన సత్రం లాంటిదే, కాకపోతే చేరినవాళ్లు అక్కడే ఉండిపోతారు. ఇంగ్లండ్ రాజు స్టీఫెన్ తమ్ముడు, బిషప్ హెన్రీ ఆఫ్ బ్లా, 1130లలో 13 మంది పేదల కోసం పెట్టాడు. రోజూ మరో వందమందికి భోజనం. 1445లో కార్డినల్ బ్యూఫోర్ట్, బాగా బతికి చితికిపోయినవాళ్ల కోసం రెండో శాఖ కలిపాడు. ఇప్పటికీ మొదటి శాఖ వాళ్లది నల్ల గౌను, రెండో శాఖది ఎర్ర గౌను.

గేటు దగ్గర బాటసారికిచ్చే రొట్టె, బీరు అడగాలి. అడిగితేనే ఇస్తారు. "అడుక్కున్నట్టుంటుందే" అని మావారు వెనకాడారు, నేనే అడిగాను. కొమ్ము గ్లాసులో గుక్కెడు బీరు, అగ్గిపెట్టంత రొట్టె ముక్క. మావారు వెంటనే తనకీ అడిగారు.

లోపల చర్చి గోడలు కోటగోడల్లా ఉన్నాయి. గుండ్రటి తోరణం పక్కనే మొనదేలిన తోరణం, కట్టడం సాగుతుండగానే ఫ్యాషన్ మారిపోయిందన్నమాట. నాకు మాత్రం బయట వరుసగా నిలబడ్డ పొడవాటి పొగగొట్టాలే నచ్చాయి. 15వ శతాబ్దంలో ఒక పేద ముసలాయనకి సొంత గది, సొంత మంట! ఉమ్మడి హాల్లో పడకలేసే రోజుల నుంచి చాలా దూరం వచ్చినట్టే.

వార్విక్ ఊళ్లో లార్డ్ లెస్టర్ అనే ఇలాంటి సత్రం కూడా చూశాం. 1571లో రాబర్ట్ డడ్లీ పాత సైనికుల కోసం పెట్టాడు. పక్కకి ఒరిగిన చెక్క ఇళ్లు, ఫోటోలకి అదే బాగుంటుంది. కానీ ఎదురుగా రోడ్డు, బళ్ల మోత. ఒక్కరోజే ఉంటే సెయింట్ క్రాస్‌కే వెళ్లండి. వానపడితే పచ్చిక దారి బురద, మా కాన్వాస్ షూస్ రెండు రోజులు ఆరలేదు.