తాడిపత్రికి అరగంట చాలదు

గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి కలిపి కారు ప్యాకేజీ మాట్లాడుకున్నాం, నలుగురికి 9,500. మొదటి రెండూ హాయిగా జరిగిపోయాయి. కోపమొచ్చింది తాడిపత్రి దగ్గరే. దానికి వాళ్లిచ్చిన టైం అరగంట!

పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. "గోపురాలకు పైభాగమే లేదేంటమ్మా" అన్నారు అత్తయ్య, దిగీ దిగగానే. నిజమే, ఉత్తర, దక్షిణ గోపురాలు మొండిగానే ఉన్నాయి. విజయనగర కాలంలో గోపురం అడుగుభాగం రాతితో కట్టి, పై అంతస్తులు ఇటుక, సున్నంతో లేపేవారు. చాలాచోట్ల ఆ రాతి భాగంలో ఇంత నగిషీ ఉండదు. ఇక్కడ శిల్పులు ప్రాణమంతా అక్కడే పెట్టారు. అధిష్ఠానంలో, అంటే అడుగు పీఠంలో, వరస మీద వరస చెక్కడమే. గుమ్మం పక్కన మకరం మీద నిలబడ్డ స్త్రీని మాత్రం దగ్గరికెళ్లి చూడండి. ఆమె పట్టుకున్న తీగ చుట్టలు చుట్టలుగా పైకి పాకుతుంది. చుట్టల మధ్య నీడ నిలిచేంత లోతుగా తొలిచారు. అంత గట్టి రాయిలో!

గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులే 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లో ఈ గుడి కట్టించారు. గండికోటకు పూటంతా ఇచ్చి, వాళ్ల గుడికి అరగంటా?

టైం అవగానే డ్రైవర్ హారన్ మొదలుపెట్టాడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "అక్కడ చూడ్డానికేముంది మేడం" అన్నాడు. అదే ఊళ్లోని చింతల వెంకటరమణ గుడి కూడా చూస్తామంటే గంటకు 300 వెయిటింగ్ అట. బుకింగ్‌లో ఆ మాటే లేదు. 900 కట్టాం. మా ఆయన మొహం మాడ్చుకుని కార్లోనే కూర్చున్నారు.

ఆ డబ్బు కట్టినందుకు నాకైతే బాధ లేదు. చింతల గుళ్లో గరుడ మండపం రాతి రథమే, చక్రాలతో సహా. గోడల మీద రామాయణం. అత్తయ్య ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి మా పాపకు కథ చెబుతుంటే పూజకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా వెనకే నడిచారు. మా ఆయన కూడా కాసేపటికి దిగొచ్చి రథం చుట్టూ తిరిగారు.

మీరు వెళ్తే ప్యాకేజీ వద్దు. తాడిపత్రికి రైలుంది, అనంతపురం నుంచి బస్సులున్నాయి. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు కాబట్టి పొద్దున్నే చేరండి. ప్యాకేజీ తప్పదంటే ఏ గుడికి ఎంతసేపో, వెయిటింగ్ ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.