బాడీ సాక్: డ్యాన్స్ సెషన్‌కి కొనేముందు

నాలుగు వైపులా సాగే లైక్రా గుడ్డతో కుట్టిన సంచి ఇది. ముందువైపు నిలువు చీలికలోంచి లోపలికి దూరి, చేతులూ కాళ్లూ మూలల్లోకి చాపుకుంటారు. ఆటిజం ఉన్నవాళ్లతో చేసే డ్యాన్స్, స్వేచ్ఛా కదలికల సెషన్లలో బాగా పనికొచ్చే వస్తువే. చీలిక దగ్గర వెల్క్రో ఉన్నది మాత్రం కొనకండి.

వెల్క్రో ఊడదీస్తే వచ్చే ఆ చర్రుమనే చప్పుడుతోనే చిక్కు. శబ్దాలు పడనివాళ్లు ఒకసారి విన్నాక ఆ సంచి దగ్గరికే రాకపోవచ్చు. లోపలున్నవాళ్లకైతే ఇంకా కష్టం: బయటికి రావాలంటే ఆ చప్పుడు భరించాలి. పైగా దాని ముళ్లు లైక్రా దారాలను పీకేస్తాయి. ప్రెస్ బటన్లు ఫర్వాలేదు. ఏ బిగింపూ లేకుండా ఒక అంచు మీద ఇంకో అంచు పడేలా కుట్టినదైతే అన్నిటికన్నా మేలు.

చెయ్యి చాపితే గుడ్డ సాగి, తిరిగి వెనక్కి లాగుతుంది. చెయ్యి ఎక్కడుందో, ఎంత బలంగా కదిలిందో ఆ లాగుడు వల్ల కండరాలూ కీళ్లూ మెదడుకు తెలియజేస్తాయి. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఈ కబురు మామూలుగా స్పష్టంగా అందదు. అలాంటివాళ్లు సాక్‌లోకి వెళ్లాక తమంతట తామే వంగడం, సాగడం, దొర్లడం మొదలుపెట్టవచ్చు. అయితే అందరికీ నచ్చాలని లేదు. ఒంటికి గుడ్డ అంటుకుంటేనే సహించలేనివాళ్లూ ఉంటారు, వాళ్లను బలవంతపెట్టకండి.

సైజు దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. పిల్లలు ఎదుగుతారు కదా అని పెద్దది తీసుకుంటే బిగువు ఉండదు, అది దుప్పటితో సమానం. నిలబడి చేతులు పక్కలకు చాపితే గుడ్డ బిగియాలి, దించితే భుజాలను కిందికి గుంజకూడదు. పాదాల దగ్గర గుడ్డ మిగిలితే కాళ్లకు చుట్టుకుంటుంది. నున్నటి నేల మీద జారుతుంది కూడా, అందుకని మ్యాట్ వేసి, కూర్చునో పడుకునో మొదలుపెట్టండి.

మొదటి రోజు ఎవరినీ లోపలికి పంపవద్దు. నేల మీద పరిచి వదిలేయండి. తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత ఒక కాలు. మొత్తం దూరే ముందు బయటికి రావడం రెండు మూడుసార్లు అలవాటు చేయించాలి. తల ఎప్పుడూ బయటే. మొదట్లో అయిదు నిమిషాలు చాలు. లోపల వేడెక్కుతుంది, ముఖం ఎర్రబడినా చెమట పట్టినా ఆపేయండి. మూర్ఛ, ఊపిరి ఇబ్బంది, కీళ్లు మరీ వదులుగా ఉండటం లాంటివి ఉంటే డాక్టరును అడిగాకే.

ఇక మీరు చేయాల్సింది చాలా తక్కువ, అదే కష్టం. లోపలివాళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే మీరూ అదే వేగంతో, అదే బరువుతో ఊగండి. అమెరికన్ డ్యాన్సర్ మేరియన్ చేస్ 1942 నుంచి వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో పనిచేస్తూ తీర్చిదిద్దిన డ్యాన్స్ థెరపీ పద్ధతికి మూలం ఇదే. అచ్చుగుద్దినట్టు అనుకరిస్తే వెక్కిరింపులా ఉంటుంది, లయ కలిస్తే చాలు. కాసేపయ్యాక మీ ఊపు కొంచెం నెమ్మదించి చూడండి. వాళ్లు రాకపోతే మీరే వాళ్ల వేగానికి తిరిగి రావాలి. గుడ్డ కింద మోచెయ్యి ముందుకు పొడుచుకొస్తే, మీ అరచెయ్యి జానెడు దూరంలో ఆపి పది అంకెలు మనసులో లెక్కపెట్టండి. తాకాలో వద్దో ఆ మోచెయ్యే తేలుస్తుంది. ఆ మౌనంలో "ఇటు తిరుగు, చెయ్యెత్తు" అన్నారంటే అంతా చెడుతుంది.

కోపంగానో కంగారుగానో ఉన్న మనిషిని అణచడానికి దీన్ని తొడిగితే అది హింసే, ఇంకో మాట లేదు.

చల్లని నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. బ్లీచ్, సాఫ్ట్‌నర్ వేస్తే సాగుడు పోతుంది. నెలకోసారి గుడ్డను బాగా సాగదీసి వదలండి: ముడతలు అలాగే నిలిచిపోతే కొత్తది కొనాల్సిందే.