చలికి భలే, ఘాటీ ఎండకు అలిగే హాల్ సెన్సార్

మా పాత జిప్సీలో వేరే కారు ఇంజిన్ దింపించి విడి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టించినప్పుడు, క్రాంకు (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) తిరుగుతున్న సంగతి దానికి చెప్పడానికి రెండు వైర్ల మ్యాగ్నెటిక్ సెన్సారే ఉండేది. కోరాపుట్ చలిలో బ్యాటరీ కాస్త డల్ అయితే చాలు, స్టార్టర్ మూలుగుతూ తిరిగేది తప్ప ఇంజిన్ అందుకునేది కాదు. క్రాంకు నెమ్మదిగా తిరిగితే ఆ సెన్సార్ పుట్టించే వోల్టేజీ కూడా పడిపోతుంది మరి. క్రాంకు ఎంత నెమ్మదిగా తిరిగినా సిగ్నల్ తగ్గని మూడు వైర్ల హాల్ సెన్సార్‌కి మార్చాక తాళం తిప్పగానే స్టార్టు. ఆ సుఖం చూసి జయపురంలో కనబడినవాళ్లందరికీ ఇదే వేయించుకోమని చెప్పాను.

తర్వాత ఒక మే నెల మధ్యాహ్నం సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతున్నాను. ముందంతా లోడు లారీలు, సెకండ్ గేరు దాటలేదు. ఉన్నట్టుండి తాళం తీసేసినట్టు ఇంజిన్ ఆగిపోయింది. లారీ డ్రైవర్లదీ, ఫోన్‌లో మెకానిక్‌దీ ఒకటే మాట: ఇంజిన్‌కి పెట్రోలు తోసే పంపు పోయింది. స్టార్టర్ కొడుతుంటే పంపు చప్పుడు లేదు, నిజమే. కానీ తాళం ఆన్ చేయగానే రెండు సెకన్లు మోగుతోంది! క్రాంకు తిరుగుతున్న సంగతి అందకపోతే ఈసీయూ పంపునే కాదు, స్పార్క్‌నీ ఇంజెక్టర్లనీ కూడా పలకనివ్వదు. చూస్తే ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గర్నుంచి లేవడం లేదు. తడిగుడ్డ సెన్సార్‌కి చుట్టి కాసేపు ఆగాక బండి స్టార్టయింది. (నీళ్లు కుమ్మరించకండి, పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగ గొట్టం, పగలొచ్చు.)

ఇంటికొచ్చాక ప్లగ్గులు విప్పి, పుల్లీని చేత్తో తిప్పుతూ సిగ్నల్ వైరుకి మల్టీమీటర్ పెట్టాను. క్రాంకుతో తిరిగే పళ్ల చక్రంలో ఒక్కో పన్ను సెన్సార్‌ని దాటుతుంటే 5 వోల్టులు, సున్నా మారుతూ కనిపించాయి. మ్యాగ్నెటిక్ రకంలో చేత్తో తిప్పితే తెలిసేదేమీ ఉండదు, ఇది మాత్రం హాల్ గొప్పే. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే సరఫరా నిక్షేపంగా ఉన్నా సిగ్నల్ మాత్రం బిగుసుకుపోయింది, చల్లారాక మళ్లీ మామూలే.

కొత్తది వేసి, ఎగ్జాస్ట్‌కి అడ్డంగా రేకు బిగించి, ఆ పళ్ల చక్రానికీ సెన్సార్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో సరిచూశాను. ఇంతవరకు మళ్లీ ఆగలేదు. అయినా డ్యాష్‌బోర్డులో స్పేర్ ఒకటి ఉండాల్సిందే.

చలి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్న నాలాంటివాళ్లకు హాల్ సెన్సారే నయం, ఎగ్జాస్ట్‌కి దూరంగా బిగించే చోటుంటే. మా బావమరిది బరంపురంలో ఊళ్లోనే తిప్పుకుంటాడు. అతనికైతే పాత రెండు వైర్లదే ఉంచుకోమన్నాను.