వడపళని వైపు ఫ్రీజింగ్ సెంటర్: ల్యాబ్ బాగుంది, ప్యాకేజీ కొనకండి

మా తమ్ముడికి హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే ఒకరకం క్యాన్సర్. కీమోకి ముందు వీర్యం దాచుకోమని డాక్టరు చెబితే చెన్నైలో ఉంటున్నాను కదా అని నేనే ఈ సెంటర్‌కి తీసుకెళ్లాను. పేరు రాయను.

ల్యాబ్‌లో అమ్మాయి తిరుపతి వైపు మనిషి, ఓపిగ్గా చెప్పింది. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను, ఊరుకోలేక అన్నీ అడిగాను. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లోకి చేరాక కణానికి ఏమీ కాదు. గండమంతా గడ్డకట్టేటప్పుడూ, కరిగించేటప్పుడూ! మంచు స్ఫటికాల దెబ్బకి గ్లిజరాల్ ఉంది, 1949 నుంచీ తెలిసిన మందే. రెండోది ఆక్సిజన్ రాడికల్స్ దెబ్బ, అంటే దేన్ని తాకితే దాన్ని పాడుచేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు. వీర్యకణం పొరలో వాటికి ఇట్టే చిక్కే కొవ్వులెక్కువ, లోపల సైటోప్లాజం బొత్తిగా తక్కువ, అందుకే ఆ రాడికల్స్‌ని అణిచే సొంత యాంటీ ఆక్సిడెంట్లూ అంతంతమాత్రం. వీర్యద్రవంలో దండిగానే ఉంటాయి గానీ, కణాల్ని కడిగితే ఆ కాపలా కూడా పోతుంది.

ఇంత వివరంగా విని బయటికొస్తే కౌంటర్లో "యాంటీ ఆక్సిడెంట్ ప్యాకేజీ తీసుకోండి మేడమ్" అని మూడు నెలల మాత్రలు అంటగట్టబోయారు. ఏడాది దాచే అద్దె కంటే దాని ధరే ఎక్కువ. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, మావాడికి వచ్చే వారమే కీమో. ఆ మాత్రలు ఎప్పుడు పనిచేయాలి? పైగా కీమో నడుస్తుండగా డాక్టర్ని అడక్కుండా ఇలాంటివి మింగకూడదు. సంతానం లేని మగవాళ్ల మీద అమెరికాలో చేసిన మాక్సీ ట్రయల్ 2020లో అచ్చయింది, అందులోనూ మాత్రలతో వీర్యం మెరుగుపడలేదు. ఫ్రీజింగ్ ద్రవంలో గ్లూటాథియోన్, విటమిన్ ఇ లాంటివి కలపడం వేరే సంగతి. కరిగించాక కదలిక కొంత మెరుగైందని చెప్పే అధ్యయనాలున్నాయి. అక్కడా మోతాదు మించకూడదు, అండంలోకి దూరడానికి సిద్ధమవ్వాలంటే వీర్యకణానికీ కాసిని రాడికల్స్ కావాలి.

డబ్బు పెట్టేట్టయితే టెస్ట్ థాకి పెట్టండి. ఒక చిన్న వయల్ కరిగించి ఎన్ని కదులుతున్నాయో లెక్క చూపిస్తారు. సగం దాకా పోవడం మామూలేనట. మావాడివి పరవాలేదు, ఇక్సీకి (వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి) అండానికి ఒక కణం చాలు.

కలెక్షన్ గది గడియ సరిగా పడదు. "అక్కా, నువ్వు తలుపు దగ్గర నిలబడకు, వెళ్లి కిందే కూర్చో" అన్నాడు పాపం. ల్యాబ్‌కి ఐదు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి. పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్లండి.