జీఎస్టీఆర్-2బితో ఐదేళ్లు: ఒక సిమెంటు వ్యాపారి అనుభవం

రాజోలులో మాది సిమెంటు, ఇనుము, రంగుల దుకాణం. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పటి నుంచి కొనుగోలు బిల్లులు నేనే చూస్తున్నాను. అప్పట్లో బిల్లు చేతిలో ఉంటే ధైర్యంగా ఉండేది. జీఎస్టీలో అది చాలదు. 2022 జనవరి నుంచి, సరుకు వేసిన డీలర్ తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపించి, అది మన జీఎస్టీఆర్-2బిలోకి, అంటే పోర్టల్ నెలనెలా తయారుచేసే మన కొనుగోలు బిల్లుల పట్టికలోకి వస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు.

నెలనెలా 14న 2బి రాగానే దించుకుని కొనుగోలు చిట్టాతో ఒక్కొక్క బిల్లూ సరిచూస్తాను. పన్ను కట్టే నెలవారీ రిటర్ను 3బికి గడువు 20, కాబట్టి చేతిలో ఉండేది ఆరు రోజులే. ఒకసారి ఇనుము డీలర్ ఒకరు, జీఎస్టీ నంబరు లేనివారికి అమ్మినట్టు మా బిల్లును నమోదు చేశారు. దాంతో అది మా 2బిలోకి రాలేదు. డబ్బు అప్పటికే పూర్తిగా ఇచ్చేశాను. దాన్ని సరిచేయించడానికి మూడు నెలలు తిరిగాను. ఇప్పుడు కొత్త డీలర్లకు సరుకు ధర ముందు ఇచ్చి, పన్ను మాత్రం 2బిలో బిల్లు కనిపించాకే ఇస్తున్నాను. మొదట్లో అలా చెప్పడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు పడటం లేదు.

అయితే 2బిలో ఉన్నదంతా మనదేనని అనుకుంటే ప్రమాదం. 2022 జూలై వరదకు ఏటిగట్టు లోపలున్న మా గోదాములో 200 బస్తాల సిమెంటు తడిసి రాయైపోయింది. 56,000 రూపాయల సరుకు, అప్పటి 28 శాతం లెక్కన 15,680 రూపాయల పన్ను. 2బిలో ఆ క్రెడిట్ చెక్కుచెదరలేదు. పాడైన సరుకు మీద తీసుకున్న క్రెడిట్‌ను జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం వదులుకోవాలని మా ఆడిటర్ గారు చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే తర్వాత వడ్డీతో కట్టేవాళ్లం. 2బికి బిల్లు తెలుసు, బస్తా ఏమైందో తెలియదు. తర్వాత గట్టు ఇవతల కొత్త గోదాము కట్టుకున్నప్పుడు మా దుకాణం నుంచే వాడిన సిమెంటుకూ క్రెడిట్ కుదరలేదు. అలా సొంతానికి తీసిన సరుకు కోసం వేరే పుస్తకం పెట్టాం. మీరూ పెట్టండి.

2024 అక్టోబరులో జీఎస్టీ పోర్టల్‌లోకి వచ్చిన ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌తో బిల్లును ఆమోదించడం, తిరస్కరించడం, పెండింగ్‌లో ఉంచడం మన చేతికి వచ్చాయి. ఏమీ నొక్కకపోతే ఆమోదించినట్టే లెక్క, అందుకే దాన్ని చూడకుండా వదలకండి. డీలర్ల జీఎస్టీఆర్-1 గడువు 11. ఆ మర్నాడు ఉదయమే ఈ సిస్టమ్ తెరిచి, కనబడని బిల్లుల డీలర్లకు కొట్టు తెరవకముందే ఫోను చేస్తున్నాను.