గాజులా తొడిగి కుట్టుకునే మిషన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

సూది అటూ ఇటూ ఊగి వంకర కుట్టు కూడా వేసే ఇంటి జిగ్‌జాగ్ కుట్టు మిషన్ గురించి ఎవరు చెప్పినా ముందు ఎన్ని రకాల కుట్లు పడతాయో చెబుతారు. నా మిషన్‌లోనూ ఇరవైకి పైగా ఉన్నాయి. ఈ నాలుగేళ్లలో నాకు పనికొచ్చినవి సాదా కుట్టు, జిగ్‌జాగ్, కాజా, అంతే. ఈ మిషన్ మీద నాకున్న ఇష్టమంతా డయల్ మీద ఎక్కడా కనిపించని ఒక వసతి వల్ల. ఎడమవైపు సామాన్ల డబ్బా పక్కకి లాగేస్తే మిగిలే సన్నటి చేయి. ఫ్రీ ఆర్మ్ అంటారు.

కాళ్లతో తొక్కే నల్ల మిషన్ మీద ప్యాంటు అడుగు మడిచి కుట్టినవాళ్లకి దీని సుఖం వెంటనే తెలుస్తుంది. అక్కడ కాలి గొట్టాన్ని బల్ల మీద చదునుగా పరిచి, కింది పొరని వేళ్లతో అవతలికి తోస్తూ కుట్టాలి. ఒక్క క్షణం ఏమరితే కింది పొర కూడా కుట్టులో పడిపోతుంది, మళ్లీ విప్పాలి. ఇక్కడ కాలిని చేతికి గాజు తొడిగినట్టు తొడిగి, గుండ్రంగా తిప్పుకుంటూ పోవడమే. రెడీమేడ్ కుర్తీల చేతులు, పిల్లల ఫ్రాకుల అంచులు, పాత పోచంపల్లి దుపట్టాలతో కుట్టిన సంచుల మూతులు, అన్నీ దీని మీదే చేస్తాను. అన్నిటికంటే ఎక్కువగా చేసింది మాత్రం జీన్స్ పొడవు తగ్గించడం.

ఆ పనిలో ఒక లెక్క ముందే తెలిసుండాలి. జీన్స్ కాలి లోపలి జాయింటు మామూలుగా అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి కుట్టింది, అంటే అక్కడ 4 పొరలు. అడుగు పట్టీ రెండు మడతలు పడితే 3 వరసలు. రెండూ కలిసే చోట 12 పొరల డెనిమ్. ఇంటి మిషన్ తడబడేది అక్కడే. అందుకే పాత పట్టీని కత్తిరించకుండా ఉంచేసే పద్ధతి మంచిది. 2 అంగుళాలు తగ్గించాలంటే కాలిని బయటివైపుకి పైకి మడవాలి. పట్టీ కుట్టు నుంచి కొత్త మడత వరకు టేపు పెడితే 1 అంగుళం రావాలి. పట్టీ కొలతలో కలపకూడదు, మడతలో బట్ట రెండింతలు పోతుంది కాబట్టి సగమే కొలవాలి. జిప్ ఫుట్ (బట్టని నొక్కి పట్టే పాదాల్లో జిప్ కుట్టడానికి వాడే సన్నటిది) పెట్టుకుని, ఫుట్ పట్టీ మీదికి ఎక్కకుండా, పట్టీని ఆనుకుని చుట్టూ ఒక కుట్టు. మామూలు ఫుట్ పెడితే ఒక పక్క పట్టీ మీదికెక్కి వంకరపోతుంది. పట్టీని కిందికి దించి ఇస్త్రీ చేస్తే ఫ్యాక్టరీ కుట్టు, ఆ పాతబడ్డ రంగు అలాగే ఉంటాయి. లోపల మిగిలిన మడతని అర అంగుళానికి కత్తిరించి జిగ్‌జాగ్ వేసేయొచ్చు. ఇలా చేస్తే జాయింటు 4 పొరలు రెండు వరసలే కాబట్టి 12 పొరల గుట్ట కాస్తా 8 అవుతుంది.

8 కూడా తక్కువేం కాదు. గుట్ట ఎక్కేటప్పుడు ఫుట్ ముందు భాగం పైకి లేస్తుంది. వెనకభాగం కింద, బట్టని జరిపే ఇనుప పళ్లకి పట్టు దొరకదు, బట్ట కదలదు, ఒకే చోట నాలుగైదు కుట్లు పడతాయి. ఫుట్ వెనక అంతే మందం వచ్చేలా డెనిమ్ ముక్కని మడిచి పెడితే ఫుట్ సమంగా ఉంటుంది. గుట్టని ముందే చెక్క మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టడం, సూది 16 నంబరు, కుట్టు పొడవు 3 నుంచి 3.5, ఆ కాస్త దూరం పెడల్ వదిలేసి చక్రం చేత్తో మనవైపు తిప్పడం. ఇందులో ఏది మానేసినా సూది వంగొచ్చు.

రెండో ఏడాది నేను మానేసింది చివరిదే. పెడల్ తొక్కుతూనే, కదలట్లేదని బట్టని వెనక నుంచి లాగాను. లాగిన బట్ట సూదిని వంచింది, వంగిన సూది లోపల షటిల్‌కి (పైదారాన్ని కొనతో పట్టి కింది దారంతో ముడివేసే భాగం) తగిలి విరిగింది. కొత్త సూది పెట్టాక సాదా కుట్టు బాగానే పడింది. జిగ్‌జాగ్ వేస్తే ఎడమవైపు కుట్టు పడదు. కుడివైపు ముడి పడుతుంది, ఎడమవైపు పైదారం ఊరికే తేలుతుంది.

కంపెనీ తరఫున వచ్చిన మెకానిక్ టెన్షన్ (పైదారం బిగువు) అటూ ఇటూ తిప్పి, సూది మార్చి, ఇంటి మిషన్ మీద జీన్స్ కుట్టకూడదని చెప్పి వెళ్లిపోయారు. ఆ మాట మీద నాకింకా కోపం ఉంది, ఎందుకంటే టెన్షన్ తప్పితే ముడి పైకో కిందికో కనిపిస్తుంది గానీ వరసగా ఒకే పక్క కుట్టు వదిలేయదు. ఇలా వదిలేస్తే అనుమానించాల్సింది టైమింగ్. సూది అట్టడుగుకి వెళ్లి 2 మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ పైకి లేచేసరికి దారం సూది వెనక చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ కొన సూది రంధ్రానికి కొంచెం పైనుంచి దూసుకెళ్లి ఆ ఉచ్చుని పట్టుకోవాలి. సూది అటూ ఇటూ ఊగే జిగ్‌జాగ్‌లో రెండు పక్కలా ఆ క్షణం ఒకటి కాదు. అందుకే టైమింగ్ కొంచెం జారినా సాదా కుట్టులో తెలియదు, జిగ్‌జాగ్‌లో ఒక పక్క ముందు బయటపడుతుంది. సూది షటిల్‌లో ఇరుక్కున్నప్పుడు మోటారు తోస్తూనే ఉంటే, షటిల్‌ని తిప్పే, కడ్డీకి మరతో బిగించిన షటిల్ డ్రైవర్ పక్కకి జారుతుంది. నా మిషన్‌లో జరిగింది అదే.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు ఫుట్ పైకెత్తి దారం మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాలి. ఫుట్ దిగి ఉంటే టెన్షన్ రేకుల మధ్యకి దారం వెళ్లదు, సగం ఫిర్యాదులు దాంతోనే పోతాయి. తర్వాత ప్లగ్ తీసేసి బాబిన్ కేస్ (కింది దారం చుట్ట ఉండే డబ్బీ) బయటపెట్టి చక్రం చేత్తో తిప్పుతూ కొన సూది దగ్గరికి ఎప్పుడొస్తుందో టార్చి వేసి చూడాలి. షటిల్ బయటికి తీసి కొన మీద దూదిపింజ రాస్తే, సూది తగిలి లేచిన గరుకు ఉంటే పీచు తగులుకుంటుంది. నా షటిల్‌కి తగులుకుంది. ఆ గరుకుని బాగా సన్నటి నీటి కాగితంతో (తడిపి రుద్దే ఉప్పు కాగితం), 1000 నంబరు పైది, కొన మొద్దుబారకుండా పైపైన రుద్ది తీశాను. టైమింగ్ మాత్రం నేను ముట్టుకోలేదు. సికింద్రాబాద్‌లో ఫ్యాక్టరీ మిషన్లు బాగుచేసే ఒక పెద్దాయన మర వదులు చేసి, సూదిని ఎడమవైపు ఊగే చోట ఆపి, కొన జరిపి బిగించారు. అరగంట కూడా పట్టలేదు. అప్పటి నుంచి ఇప్పటివరకు ఒక్క కుట్టు వదల్లేదు.

ఆ పెద్దాయనే చెప్పారు, షటిల్ తిరిగే గాడిలో పది పన్నెండు గంటల కుట్టుకి ఒక్క చుక్క మిషన్ నూనె చాలని. కొబ్బరినూనె వేస్తే నెల తిరిగేసరికి జిగురు కడుతుంది. సూదులు జనరల్ బజార్‌లోనో సుల్తాన్ బజార్‌లోనో విడిగా కొంటే కాండం (మిషన్‌లో బిగించే పైభాగం) ఒకవైపు చదునుగా ఉందో లేదో చూసుకోవాలి. ఇంటి మిషన్‌వి హెచ్ఏ×1 సూదులు, కాండం సుమారు 2 మి.మీ. ఫ్యాక్టరీ మిషన్ల డీబీ×1 సూది కాండం గుండ్రంగా 1.62 మి.మీ. ఉంటుంది. బిగించినా సరైన ఎత్తులో నిలవదు, కుట్టు పడదు.

ఇక ఫ్రీ ఆర్మ్‌ని పైన అంత మెచ్చుకున్నాను కదా, దాని కొలత కూడా చెప్పాలి. టేపు చుట్టి చూస్తే నా మిషన్ చేయి చుట్టుకొలత 11 అంగుళాలు. ముంజేతి దగ్గర 9 అంగుళాలుండే కుర్తీ చేయి దాని మీదికి ఎక్కదు, చంటిపిల్లల ప్యాంటూ అంతే. అలాంటివి తిరగేసి, గొట్టం లోపలివైపు నుంచి, ఫుట్ గొట్టం మధ్యలో ఉండేలా కుట్టాలి. ఆ పద్ధతి నల్ల మిషన్ మీద కూడా కుదురుతుంది. కొన్న కొత్తలో ఇది తెలిసుంటే ఫ్రీ ఆర్మ్ లేకపోతే బతకలేమన్నట్టు అందరికీ చెప్పేదాన్ని కాదు. జీన్స్ మోకాలి చిరుగుకి అతుకు వేయడం దీని మీద కూడా కాదు. సూది నుంచి మిషన్ మెడ వరకు ఉన్నది ఆరంగుళాలు, మోకాలు అడుగు నుంచి అంతకు మూడింతల దూరంలో ఉంటుంది. పక్క జాయింటు విప్పి, అతుకేసి, మళ్లీ కుట్టాల్సిందే.

చీరలకి పికో అవుతుంది. కాటన్‌కి బాగానే, జార్జెట్‌కి కష్టంగా. జిగ్‌జాగ్ ప్లేటు రంధ్రం వెడల్పు కాబట్టి పల్చటి బట్టని మొదట్లోనే లోపలికి మింగేస్తుంది. కింద బటర్ పేపర్ పట్టీ పెట్టి కుట్టి చింపేయాలి. రోజుకి రెండు చీరలకి మించి పని ఉన్నవాళ్లకి ఇది సాగదు.

మా ఇంట్లో అత్తయ్యగారి కాళ్ల మిషన్ ఇంకా ఉంది. జాకెట్లు, గలీబులు, కరెంటు పోయినప్పటి పనులు దాని మీదే. రెడీమేడ్ బట్టలు సరిచేయడానికే ఈ రెండోది కాబట్టి నాకు గిట్టుబాటైంది. ఒక్క మిషనే కొనగలిగి, ఎక్కువగా జాకెట్లు కుట్టేవాళ్లయితే ఇదే కొనమని నేను చెప్పలేను. కొనదలిస్తే మాత్రం షాపుకి ఒక టేపూ, ఇంట్లో అందరికంటే సన్నటి ప్యాంటూ తీసుకెళ్లండి. డబ్బా లాగించి చేయి చుట్టూ కొలవండి, ప్యాంటు కాలు తొడిగి తిప్పి చూడండి. తర్వాత జిగ్‌జాగ్‌ని పూర్తి వెడల్పులో పెట్టించి, ఏదైనా పాత జీన్స్ ముక్క మీద ఒక జానెడు కుట్టించి, ఎడమవైపు కుట్లన్నీ పడ్డాయో లేదో దగ్గరగా పెట్టుకుని చూడండి.